మూడో వంతు మిల్లీమీటరు

కార్బన్ బ్యాట్ అనగానే నల్లగా నిగనిగలాడే వస్తువేదో ఊహించుకుంటారు చాలామంది. చేతికిస్తే నిరాశపడతారు. చూడ్డానికి అది చెక్కే. అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య నిబంధన ప్రకారం రబ్బర్ల కింద ఉండే బ్లేడు మందంలో కనీసం 85 శాతం సహజమైన కలపే ఉండాలి. పొరల మధ్య జిగురుకు బలంగా కార్బన్ నారో, గాజు నారో వేసుకోవచ్చు. ఆ పొర కూడా మొత్తం మందంలో 7.5 శాతం, 0.35 మిల్లీమీటర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. అంటే మిల్లీమీటరులో మూడో వంతు. ఇంత పలచటి నేత గురించి మా క్లబ్బులో ఆటకన్నా ఎక్కువసేపు తగువులు నడుస్తుంటాయి.

తగువంతా ఒక్క మాట మీదే. గట్టిగా కొట్టి గెలిచేవాళ్లకు కార్బన్ సరే, స్పిన్‌ను నమ్ముకున్నవాళ్లకు ఎందుకూ అని. "బంతి దాని మీద నిలవదండీ. తగలగానే ఎగిరిపోతుంది. ఇక స్పిన్ ఎప్పుడు ఎక్కాలి?" అంటారు మా సెక్రటరీ గారు. ఆయనది చెక్క పక్షం. నేను చాలాకాలం ఐదు పొరల చెక్క బ్లేడుతో ఆడి, తర్వాత కార్బన్‌కు మారిన లూపర్ని, అంటే బంతికి టాప్‌స్పిన్ ఎక్కించి వంపుగా కొట్టేవాణ్ని. అందువల్ల రెండు పక్షాలకూ నా మీద అనుమానమే.

స్పిన్ ఎక్కించేది రబ్బరు. ఆ రబ్బరును నడిపేది మణికట్టు, ముంజేయి, నడుము. బంతి బ్యాటుకు అంటుకుని ఉండేది ఇంచుమించు ఒక మిల్లీసెకను. సర్వీసులోనూ పొట్టి పుష్‌లోనూ రబ్బరు బంతిని పలచగా రాసుకుంటూ పోయినప్పుడు అది స్పాంజిలోకి ఏదో కాస్త దిగి వెనక్కొచ్చేస్తుంది. అడుగున కార్బన్ ఉందో లేదో దానికి పెద్దగా తెలియదు. అందుకే కార్బన్‌కు మారితే సర్వీసులో స్పిన్ తగ్గదు, పొడవు పెరుగుతుంది. అవతలి వైపు రెండుసార్లు పడాల్సిన సర్వీసు ఒక్కసారే పడి అంచు దాటిపోతుంది. ఎదుటివాడు కాచుక్కూర్చునేది దానికోసమే. కార్బన్ బ్లేడును పరీక్షించాలనుకునేవాళ్లు మొదట స్మాష్ కొట్టి చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది పొట్టి సర్వీసు.

ఆ తర్వాత చూడాల్సింది బ్యాక్‌స్పిన్ మీద ఎత్తే మొదటి లూప్. చెక్క బ్లేడు దెబ్బకు కొంచెం వంగుతుంది. అనుకున్నదానికన్నా కాస్త మందంగా తగిలినా బంతి వంపు తిరిగి నెట్ దాటుతుంది. చేతి తప్పును చెక్క చూసీచూడనట్టు పోనిస్తుంది. కార్బన్ బ్లేడు అంతగా వంగదు. పలచగా బ్రష్ చేస్తే బోలెడు స్పిన్‌తో వెళ్తుంది. పూర్తి వేగంతో నిండుగా కొట్టినా వెళ్తుంది. ఈ రెంటికీ మధ్య తటపటాయించామో, బంతి వంపన్నది లేకుండా నేరుగా పోయి నెట్‌లో పడుతుంది, లేదా టేబుల్ అవతల గోడకు తగులుతుంది. బ్రష్ చేయాలా, కొట్టాలా అన్నది చెయ్యి కదలకముందే తేల్చుకోవాలి. స్పిన్ ఆటగాడికి కార్బన్‌తో వచ్చే అసలు చిక్కు ఇదే అని నా అభిప్రాయం.

స్పిన్‌కూ కార్బన్‌కూ పడదన్న మాటకు చరిత్రలో సాక్ష్యం దొరకదు. బటర్‌ఫ్లై కంపెనీ విస్కారియా బ్లేడు 1993లో వచ్చింది. పైన కోటో చెక్క, దాని కింద ఆరిలేట్, కార్బన్ నారలు కలిపి నేసిన పొర, తర్వాత లింబా, నడుమ తేలికైన కిరి. కార్బన్ బిగువునిస్తుంది, ఆరిలేట్ అదురును మింగుతుంది. ఆ బ్లేడుకు లోకమంతా పేరు తెచ్చినవాడు చైనాకు చెందిన జాంగ్ జీకే. 2011, 2013లో ప్రపంచ చాంపియన్, 2012లో ఒలింపిక్ చాంపియన్. జర్మనీ ఎడమచేతి ఆటగాడు టీమో బోల్ లూప్‌లో స్పిన్ ఎంత ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. అతని పేరు మీద అమ్మే బ్లేడులోనూ అదే నేత.

పైగా కాలం కూడా స్పిన్ ఆటగాణ్ని కార్బన్ వైపే నెట్టింది. 2000లో బంతి 38 నుంచి 40 మిల్లీమీటర్లకు పెరిగింది. 2008లో స్పీడ్ గ్లూ మీద నిషేధం వచ్చింది. అంతవరకూ ఆటకు ముందు ఆ జిగురు పూసి, స్పాంజి ఉబ్బితే వచ్చే టక్కుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించేవాళ్లు. 2014లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది. ప్రతి మార్పుకూ బంతి మీద స్పిన్ కొంత సన్నగిల్లింది. ఒట్టి స్పిన్‌తో పాయింటు రావడం కష్టమైంది. లూప్ తిరగాలి, వేగంగానూ పోవాలి. రెండడుగులు వెనక్కి జరిగి ఆడే కౌంటర్ లూప్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. చెక్కతో అయితే ఒళ్లంతా పెట్టాలి. కార్బన్‌తో సగం బలానికే బంతి అవతలి టేబుల్ చివరిదాకా పోతుంది, బ్లేడు మధ్యలో తగలకపోయినా పోతుంది. మోకాళ్లు నొప్పెట్టే వయసులో నేను మారడానికి ఇదే కారణం.

అన్నట్టు, ఈ కొత్త పొర వల్ల ఆటే చెడిపోతోందన్న గోల కూడా పాతదే. 1952లో బొంబాయిలో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగినప్పుడు జపాన్ ఆటగాడు హిరోజీ సాతో మందపాటి స్పాంజి బ్యాట్‌తో వచ్చాడు. గింజల రబ్బరు చప్పుడుకు అలవాటుపడ్డ చెవులకు ఆ బ్యాటు నుంచి ఏమీ వినపడలేదు. సింగిల్స్ టైటిల్ పట్టుకుని వెళ్లిపోయాడు.

"కార్బన్‌లో స్పిన్ రావట్లేదు" అని వచ్చేవాళ్ల బ్యాట్ తీసుకుని నేను ముందు స్పాంజి నొక్కి చూస్తాను. చాలాసార్లు దోషం అక్కడే. మెత్తటి స్పాంజి మీద గట్టిగా లూప్ చేస్తే బంతి దాన్ని పూర్తిగా నొక్కేసి బ్లేడు దాకా దిగుతుంది. అప్పుడు బంతిని తన్నేది కార్బన్, రబ్బరుకు పట్టుకునే వీలే లేదు. అదే బ్లేడు మీద కాస్త గట్టి స్పాంజి వేస్తే బంతి సగంలోనే ఆగుతుంది, పైపొర దాన్ని తిప్పి పంపుతుంది. చైనావాళ్లు జిగటగా, గట్టిగా ఉండే హరికేన్ రబ్బర్లను కార్బన్ మీద అంటించి ఆడేది ఇందుకే. అయితే ఆ రబ్బరుకు వాళ్ల చేతి వేగం కావాలి. మనకు మధ్యస్థమైన గట్టిదనం చాలు.

ఇక నేత ఎక్కడుందన్నది ఇంకో సంగతి. విస్కారియాలో అది పై చెక్కకు ఆనుకుని ఉంటుంది. ఇన్నర్‌ఫోర్స్ రకాల్లో లోపల, నడిమి చెక్క పక్కన ఉంటుంది. చైనా ఆటగాడు మా లాంగ్ పేరుతో వచ్చిన హరికేన్ లాంగ్ 5 కూడా ఈ కోవదే. వీటితో మెల్లగా ఆడినంతసేపు చెక్కతో ఆడుతున్నట్టే ఉంటుంది. గట్టిగా కొట్టినప్పుడే కార్బన్ లేస్తుంది. క్లబ్బు స్థాయి లూపర్‌కు నేను నిస్సంకోచంగా చెప్పేది లోపలి నేతే. కొనేటప్పుడు కుండను తట్టి చూసినట్టు బ్లేడును వేలితో తట్టి వినండి. మోత సన్నగా, పైస్థాయిలో పలికితే అది బిర్రుగా ఉన్నట్టు. బరువు 85 నుంచి 90 గ్రాముల్లోపు చూసుకోండి. రెండు రబ్బర్లూ, జిగురూ పడ్డాక తల వైపు మొగ్గితే మణికట్టు తిరగదు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ చివరి పదహారు మంది దాకా వెళ్లాక మా హాల్లో పిల్లలు పెరిగారు. సంతోషమే. కానీ పదేళ్ల పిల్లల సంచుల్లోంచి ఖరీదైన కార్బన్ బ్లేడ్లు బయటికి వస్తున్నాయి, అది చూస్తే నాకు కోపమొస్తుంది. కార్బన్‌తో చేతిని సగం ఊపినా బంతి అవతలికి చేరుతుంది. అలా చేరుతున్నప్పుడు పూర్తిగా ఊపాలన్న అవసరం పిల్లకు ఎందుకు కలుగుతుంది? తిప్పాల్సిన చెయ్యి తట్టడానికి అలవాటుపడుతుంది. నడుము తిరగదు, మోకాలు వంగదు. స్పిన్ అనేది ఒంట్లోకి ఎక్కాల్సిన వయసు అది. ఐదు పొరల చెక్క బ్లేడు ఎక్కడ తగిలిందో, ఎంత మందంగా తగిలిందో చేతికి చెబుతుంది. ఆ కబురు వినడం నేర్చుకున్నాక ఏ బ్లేడైనా ఇవ్వండి. నాన్నలు నా మాట వినరు. తాతయ్యలు వింటారు, కానీ డబ్బులిచ్చేది వాళ్లు కాదు.

నా చెక్క బ్లేడును నేనూ పారేయలేదు. మాది విశాఖ. వానాకాలం సాయంత్రాల్లో సముద్రపు తేమకు రబ్బరు మీద కంటికి కనపడని చెమ్మ పడుతుంది. పలచగా బ్రష్ చేస్తే బంతి జారి నేరుగా నెట్‌లోకి పోతుంది. మరి కాస్త మందంగా కొట్టాలి. మందంగా కొడితే కార్బన్ ఊరుకోదు. అలాంటి రోజుల్లో రెండు ర్యాలీలు ఆడి చూసి, బంతి జారుతోందని తెలియగానే సంచిలోంచి చెక్క బ్లేడు తీస్తాను. సెక్రటరీ గారు అది చూసి తనే గెలిచినట్టు తలూపుతారు.