మంగళవాద్యం దాకానేనా?

చెన్నై 2017లో యునెస్కో సంగీత నగరాల జాబితాలోకెక్కింది. మార్గళి కచేరీలు, ఆ పక్కనే జాజ్, ఫ్యూజన్, సూఫీ రాత్రులు. అన్ని సంస్కృతులూ ఒకే వేదిక మీద అంటున్నారు. సరే, ఎవరిని ఎక్కడ కూచోబెడుతున్నారన్నది మా ప్రశ్న.

నాదస్వరానికి ఎక్కువగా దక్కేది ప్రారంభోత్సవమే. మంగళవాద్యమని గౌరవంగా పిలిచి, జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటుండగానే ఊదించి పంపేస్తారు. ప్రధాన కచేరీ గాత్రానిది. ఊదేది మావాడైతే 'ముస్లిం అయి ఉండి కూడా' అన్న మాట ఒకటి అదనం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానాకి 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన గురించీ మత సామరస్యమనే రాశారు. ఏం సామరస్యం? గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తాతల నాటి నుంచి పెళ్లిళ్లలో, గుళ్లలో ఊది బతికాం. అది మా వృత్తి, మా కూడు. మేళానికి పిలిచే రైతు మతం అడగడు, రేటడుగుతాడు.

వీధి చివరి దర్గాలో ఉరుసుకి పాడే ఖవ్వాలీ మాత్రం ఈ ఉత్సవాల్లో 'ప్రపంచ సంగీతం' అయిపోతుంది. ఇక్కడిది పరాయిదెట్లా అయ్యింది?

మనవాళ్లనీ అనాలి. దూదేకులోళ్లు, సన్నాయి ఊదుకునేవాళ్లు, వాళ్లేం తురకలని వెక్కిరించిన నోళ్లు మన మధ్యే ఉన్నాయి. 2020లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి పద్మశ్రీ వచ్చాక 'మనోళ్లే' అనడం తేలిక.

కాలీషాబీ ఆడమనిషి, నాదస్వరం ఊదుతుంది. ఆమె ఊపిరి గురించి, గమకం గురించి, రాగాన్ని పెంచే తీరు గురించి నాలుగు పేజీల వ్యాసం చదవాలని ఉంది మాకు.