లేరా, కాటి సీను

మా ఊళ్లో శివరాత్రి జాగారమంటే గుడి ముందు పందిట్లో ‘సత్య హరిశ్చంద్ర’ నాటకమే. కథ కాశీకి చేరకముందే నేను నాన్న ఒళ్లో నిద్రపోయేవాణ్ణి. తెల్లవారుజామున మూడింటికి ఆయన భుజం తట్టి, “లేరా, కాటి సీను” అనేవాడు. కళ్లు నులుముకుని చూస్తే గొంగళి కప్పుకుని, చేత కర్ర పట్టుకుని ఒకాయన. కథ సగమే తెలుసు. ఆ గొంతు మాత్రం చెవిలో ఉండిపోయింది.

డిగ్రీలో ఉండగా బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకాన్ని పుస్తకంగా చదివాను. రెండు గంటల్లో అయిపోయింది. చిన్నప్పటినుంచీ నాకు నోటికొచ్చిన కాటి సీను పద్యాలు కొన్ని అందులో కనబడలేదు. అవి గుర్రం జాషువా గారి ‘శ్మశానవాటి’లోవని మా తెలుగు మాస్టారు చెబితే తెలిసింది. అంటరానితనం వల్ల అడుగడుగునా అవమానాలు పడిన కవి పద్యాలు, కాటికాపరి అయిన చక్రవర్తి నోటికి వచ్చాయి. నటుల చెవికి నచ్చాయి, జనం ఒప్పుకున్నారు, నిలిచిపోయాయి. మన రంగస్థలం చేసిన మంచి పనుల్లో దీన్నే ముందు చెబుతాను.

వాటిలో పేరున్న సీసం ఒకటుంది. సీసపాదం పొడుగు: ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ఒక్క ఊపిరిలో లాగేది కాదు, మధ్యలో విరిచి అందుకోవాలి. కవి, రాజు, లేత ఇల్లాలు, చిత్రకారుడు పాదానికొకరుగా మట్టిలో కలుస్తారు. తెలిసిన నటుడు నాలుగు పాదాలూ ఒకే జోరులో పాడడు. మొదటిది దాదాపు మాటలాగే అంటాడు. రాజు దగ్గర గొంతు పెరుగుతుంది, చెబుతున్నవాడూ ఒకప్పుడు రాజే కదా. ఇల్లాలి దగ్గర కాస్త ఆగుతాడు. సీసం కిందొచ్చే ఎత్తుగీతిలో గానీ రాగం విప్పడు. హార్మోనియం ఆయన ఇదంతా ముందే పసిగట్టాలి. పద్యం నడుస్తున్నంతసేపూ శ్రుతి పట్టి వెనకే ఉంటాడు. నటుడు ఊపిరి పీల్చుకునే సందులో మాత్రం అతని సంగతిని మెట్ల మీద తిరిగి పలికిస్తాడు. రాగం కోసం మాటను నలిపేసే నటులూ ఉన్నారు. వాళ్ల పాట నాకు ఇప్పటికీ గిట్టదు. పద్యంలో మాట వినబడనప్పుడు అది ఏ రాగమైతేనేం?

కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు వచ్చేవారు. కాటి సీనుకు మాత్రం పేరున్నవాడే కావాలి. డి.వి. సుబ్బారావు గారి పేరు వింటే ఈనాటికీ చాలామందికి ముందు గుర్తొచ్చేది ఈ సీనే.

1965లో కె.వి. రెడ్డి గారు ఎన్.టి. రామారావు గారితో తీసిన ‘సత్య హరిశ్చంద్ర’ను తర్వాత టీవీలో చూశాను. సినిమాలో ముఖం దగ్గరగా కనబడుతుంది, కంటి తడి కనబడుతుంది. ఆ వయసులో నాకు అదే మేలనిపించింది. ఇంత చిన్న మాటకు అంత రాగమెందుకని నాన్నతో వాదించాను కూడా. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

నాన్న పోయిన రోజు శ్మశానంలో అన్నీ గబగబా జరిగిపోయాయి. కట్టెల లెక్క, డబ్బు కట్టడం, రసీదు, కుండ, వెనక్కి తిరగకుండా నడిచి రావడం. ఏడవడానికి సందు దొరకలేదు. ఇంటికొచ్చాక చుట్టాలు, పెద్దకర్మ, బ్యాంకు కాగితాలు.

మరుసటి శివరాత్రికి ఊరెళ్లాను. మూడింటికి నన్ను ఎవరూ లేపక్కర్లేదు, నిద్ర పట్టలేదు. ఆ రాత్రి కాటి సీనులో హరిశ్చంద్రుడు వేసిన నటుడి పేరు అంతకుముందు వినలేదు. ఇల్లాలి నల్లపూసల పాదం దగ్గర ఆగినప్పుడు అమ్మ మెడ గుర్తొచ్చింది. ఎత్తుగీతి చివర రాగం ఎత్తాడు. అది సాగుతూనే ఉంది. కాష్ఠం దగ్గర నాకు దొరకని తీరిక ఆ రాగంలో దొరికింది. పక్కనున్న పెద్దాయన నా వైపు చూడకుండానే భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు.

వెనకనుంచి “వన్స్‌మోర్” అన్నారు. నటుడు మొదటి పాదం మళ్లీ అందుకున్నాడు, ఈసారి ఇంకా మెల్లగా. అది ముగిశాక చంద్రమతి వచ్చింది. ఆవిడ భుజం మీద లోహితాస్యుడి వేషం వేసిన పిల్లవాడు నిజంగానే నిద్రపోయాడు. నేల మీద పడుకోబెడితే మంచుకి కాళ్లు ముడుచుకున్నాడు. ఆవిడ ఏడుపు పద్యం ఆపకుండానే పైట చెంగు వాడి పాదాల మీదికి లాగింది. కాటి సుంకం ఇమ్మని హరిశ్చంద్రుడు చెయ్యి చాచాడు.