గిటీ: మార్చుకునేవాడికి చోటు వదిలిన పనితనం

కోడ్‌ను సొంత సర్వర్‌లో ఉంచుకుని నలుగురూ కలిసి పనిచేసుకోవాలనుకునేవాళ్లకు గిటీ బాగా తెలిసిన పేరు. 2016లో గాగ్స్ అనే ప్రాజెక్టు నుంచి విడిపోయి వచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. గిట్ రిపాజిటరీలు, ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు, వికీ అన్నీ ఉన్నాయి. గో భాషలో రాసిన ఈ ప్రోగ్రామ్ వెబ్ పేజీలు, బొమ్మలు, అనువాదాలతో సహా ఒకే బైనరీ ఫైలుగా వస్తుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీదా నడుస్తుంది. వీటన్నిటికంటే నాకు ముచ్చటగా అనిపించేది, దీన్ని తమకు తగ్గట్టు మార్చుకునేవాళ్ల కోసం రూపకర్తలు చేసిన ఏర్పాటు.

అన్నీ ఒకే ఫైల్లో బిగించి ఉంటే లోపలి పేజీని మార్చేదెలా? సోర్స్ కోడ్ దించుకుని, దిద్ది, మళ్లీ కంపైల్ చేయాలి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఇదే తంతు. గిటీ ఈ చిక్కును ‘కస్టమ్’ అనే ఒక్క ఫోల్డర్‌తో విప్పింది. ఏదైనా టెంప్లేట్ కావలసినప్పుడు ముందు అక్కడ వెతుకుతుంది, దొరక్కపోతేనే బైనరీలో ఉన్నదాన్ని వాడుకుంటుంది. లోగో మార్చాలంటే అక్కడొక ఎస్‌వీజీ బొమ్మ పెడతాం. కొత్త థీమ్ అంటే ఒక సీఎస్ఎస్ ఫైలు. మన టీమ్ వాడే లేబుళ్లు, లైసెన్సులు కూడా ఫైళ్లుగానే చేరతాయి. బైనరీలో ఏమేం ఉన్నాయో ‘ఎంబెడెడ్’ కమాండ్ జాబితా ఇస్తుంది, అడిగిన ఫైలును బయటికి తీసి పెడుతుంది.

అయితే పేజీ మొత్తాన్ని మన కాపీతో మార్చేస్తే ఒక ఇబ్బంది ఉంది. వెర్షన్ మారాక మన కాపీ పాతబడుతుంది. కొత్తగా వచ్చిన బటన్ కనిపించదు, ఒక్కోసారి పేజీయే తెరుచుకోదు. అందుకే హెడర్, ఫుటర్, ఎక్స్‌ట్రా లింక్స్, ఎక్స్‌ట్రా ట్యాబ్స్ పేర్లతో కొన్ని ఖాళీ టెంప్లేట్లు వదిలారు. పై వరుసలో ఆఫీసు సహాయ పేజీకి లింకు ఇవ్వాలన్నా, ప్రతి రిపాజిటరీలో ఒక ట్యాబ్ చేర్చాలన్నా వాటిలో రెండు మూడు వరుసలు రాస్తే సరిపోతుంది. అసలు పేజీ జోలికి వెళ్లం కాబట్టి అప్‌గ్రేడ్‌కు భయపడే పని తగ్గుతుంది.

పనితనం ఇంకా బాగా కనిపించేది హుక్స్ దగ్గర. పుష్ వచ్చినప్పుడు సర్వర్‌లో నడిచే స్క్రిప్టులివి. గిట్ ఒక్కో సందర్భానికి ఒక్క స్క్రిప్టుకే చోటిస్తుంది. అనుమతుల తనిఖీకి ఆ చోటు గిటీకి కావాలి, అయినా దాన్ని తానొక్కటే ఆక్రమించలేదు. అక్కడొక చిన్న స్క్రిప్టు పెట్టి, పక్కనున్న ఫోల్డర్‌లోని స్క్రిప్టులన్నిటినీ వరసగా నడిపిస్తుంది. తన తనిఖీ కూడా వాటిలో ఒకటి. మన స్క్రిప్టు దాని పక్కన చేరుతుంది. పుష్‌ను స్వీకరించే ముందు నడిచే ప్రీ-రిసీవ్ దశలో ఏ ఒక్కటి కాదన్నా పుష్ ఆగిపోతుంది. హుక్ సర్వర్ యూజర్ అధికారంతో నడుస్తుంది, కాబట్టి వెబ్ పేజీ నుంచి హుక్స్ రాసే వీలును మామూలుగా మూసే ఉంచారు. సౌకర్యం ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లు తీసుకున్న నిర్ణయమది.

ఆస్కీడాక్ లాంటి ఫైళ్లను చదవగలిగేలా చూపించడంలోనూ ఇదే జాగ్రత్త. ఏ ఎక్స్‌టెన్షన్‌కు ఏ కమాండ్ నడపాలో సెట్టింగుల ఫైల్లో రాస్తాం. ఆ కమాండ్ ఇచ్చిన హెచ్‌టీఎంఎల్‌లో ప్రమాదకరమైనవి తీసేసి గిటీ చూపిస్తుంది. అదనంగా ఏ ట్యాగులను అనుమతించాలో మనం విడిగా చెప్పుకోవాలి. వీటికి తోడు వెబ్‌హుక్స్, ఏపీఐ, 2023 నుంచి పనులను ఆటోమేట్ చేసే యాక్షన్స్ కూడా ఉన్నాయి.

మార్చుకునే స్వేచ్ఛ ఫోల్డర్‌తో ఆగిపోలేదు. ప్రాజెక్టు నిర్వహణపై విభేదాలు వచ్చినప్పుడు, 2022లో, కొందరు గిటీ నుంచే ఫోర్జేయో అనే మరో శాఖను తీశారు. ఎంఐటీ లైసెన్సు అందుకు దారి ఇచ్చింది. బెర్లిన్‌కు చెందిన కోడ్ హోస్టింగ్ సేవ కోడ్‌బర్గ్ ఇప్పుడు ఫోర్జేయో మీదే నడుస్తోంది.

మీరూ మొదలుపెడితే ఖాళీ టెంప్లేట్లతో మొదలుపెట్టండి, పేజీ మొత్తాన్ని మార్చడం చివరి మార్గంగా ఉంచుకోండి. కస్టమ్ ఫోల్డర్‌ను గిట్‌లో దాచుకోండి, కానీ రహస్య కీలు ఉండే సెట్టింగుల ఫైలును అందులో చేర్చకండి.