తన తరపున వాదించని వకీలు

టంగుటూరి ప్రకాశం అనగానే మనవాళ్లకు 1928లో మద్రాసు వీధిలో తుపాకీకి రొమ్ము చూపిన మనిషే కళ్లముందుకొస్తాడు. ఆ ఒక్క సంఘటన ఆయన రాసిన ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’ను చాటుచేసేసింది. దాన్ని చరిత్ర కోసం చదివేవాళ్లున్నారు గానీ రాతలోని పనితనం కోసం చదివేవాళ్లు తక్కువ.

1872లో పుట్టిన ప్రకాశం మొదట రాజమండ్రిలో ప్లీడరు. తర్వాత లండన్ వెళ్లి బారిస్టరై 1907లో మద్రాసు చేరారు. వాదనే ఆయన తిండి. అలాంటివాడు తన కథ చెప్పేటప్పుడు మాత్రం తన తరపున వాదించడు. బోనెక్కిన సాక్షిలా జరిగింది జరిగినట్టు చెప్పి దిగిపోతాడు.

తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపింది. పరీక్ష ఫీజు మూడు రూపాయలకు దారిలేక ఆమె తన పట్టుబట్ట తాకట్టు పెట్టింది. ఇంకొకరైతే అక్కడ రెండు పేజీలు ఏడిపించేవారు. ప్రకాశం సంగతి చెప్పి ముందుకు పోతాడు. బాధంతా ఆ మూడు రూపాయల్లోనే ఉంది, ఆయన దాన్ని ముట్టుకోడు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడి వెంట నాటకాలు, అల్లరి స్నేహాలు కూడా అలాగే వస్తాయి. పశ్చాత్తాపం ఒలకబోయడం లేదు, గొప్పలూ లేవు. మాటల మనిషి ఇంత పొదుపుగా రాయడం, నా మటుకు, తుపాకీ ముందు నిలబడడం కంటే కష్టమైన పని.

‘నా జీవిత యాత్ర’లో మొదటి మూడు భాగాలే ఆయనవి. నాలుగోది తెన్నేటి విశ్వనాథం రాశారు. విశాఖ వెళ్లేవాళ్లకు సముద్రపు ఒడ్డున తెన్నేటి పార్కు తెలుసు, ఆ పేరు ఈయనదే. ఆయనా వకీలే. విశాఖ ఉక్కు ఉద్యమంలో ముందు నిలిచి 1967లో విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఒకరి ఆత్మకథను ఇంకొకరు ముగించడం చిక్కైన పని. తెన్నేటి ఆ గొంతును అనుకరించలేదు, ‘నేను’ను వదిలేసి ‘ప్రకాశంగారు’ అనే రాశారు. అతుకు కనబడుతుంది, కనబడనివ్వడమే నిజాయితీ. మూడు భాగాల్లోని మొండి వేగం ఇందులో లేదు. కానీ 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రపు తొలి మంత్రివర్గంలో, అంటే ప్రకాశం మంత్రివర్గంలో, తెన్నేటి ఉన్నారు. మద్యనిషేధం గొడవలో 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయినప్పుడు ఆయన చూసింది గ్యాలరీ నుంచి కాదు.