బ్రెడ్‌బోర్డు మీద 233

వరుసగా ఎనిమిది ఎర్ర ఎల్‌ఈడీలు. ఎడమ నుంచి మూడు వెలుగుతున్నాయి, ఒకటి ఆరి ఉంది, తర్వాతది వెలుగుతోంది, రెండు ఆరి ఉన్నాయి, చివరిది వెలుగుతోంది. అంటే 11101001. బైనరీ చదవడం వచ్చినవాళ్లకు అది 233, ఎనిమిది బిట్లలో పట్టే చివరి ఫిబొనాచీ సంఖ్య. సొంతంగా కంప్యూటరు కట్టుకున్నవాళ్లు దాని చేత చేయించే మొదటి పనుల్లో ఈ ఫిబొనాచీ వరుస ఒకటి. అంతదాకా లెక్క సరిగ్గా వచ్చిందంటే ఇంట్లోవాళ్లను పిలిచి చూపించాలనిపిస్తుంది. వాళ్లు వచ్చి చూసి, "లైట్లు బాగున్నాయి" అని వెళ్లిపోతారు.

నిజానికి ఆ కంప్యూటరుకు అంకెలతో పని లేదు. కూడికలు, తీసివేతలు, గంతులు అన్నీ దీపాల స్థాయిలోనే సుఖంగా సాగిపోతాయి. అంకెలు చూపే భాగం కావలసింది మనకు. కంప్యూటరు మొత్తంలో మనిషి కోసం కట్టేది ఇదొక్కటే కాబట్టి, నా దృష్టిలో నేర్చుకోవలసింది ఎక్కువ ఉన్నదీ ఇక్కడే.

ఆల్బర్ట్ పాల్ మాల్వినో తన 'డిజిటల్ కంప్యూటర్ ఎలక్ట్రానిక్స్' పాఠ్యపుస్తకంలో శాప్-1 అనే బుల్లి కంప్యూటరును గీసి చూపించారు. వీలైనంత సరళంగా ఉండాలన్నదే దాని ఉద్దేశం. మెమరీ 16 బైట్లు, అవుట్‌పుట్ ఎనిమిది ఎల్‌ఈడీలు, అంతే. ఆ నమూనానే బెన్ ఈటర్ మామూలు టీటీఎల్ ఐసీలతో బ్రెడ్‌బోర్డుల మీద కట్టి, ఒక్కొక్క వైరూ ఎందుకు ఎక్కడికి పోతోందో వీడియోల్లో వివరించారు. ప్రపంచమంతటా ఎందరో ఆ వీడియోలు చూసి కట్టుకున్నారు. ఈటర్ మాల్వినో దీపాల దగ్గర ఆగకుండా, వాటి స్థానంలో దశాంశ అంకెలు పెట్టారు.

అంకెలు చూపడం అంతకుముందు లేదని కాదు. 1975 జనవరి 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' ముఖచిత్రంగా వచ్చిన ఆల్టెయిర్ 8800కు ముందువైపు ఉన్నవి దీపాలు, స్విచ్చులే. కానీ మరుసటి ఏడాది వచ్చిన కిమ్-1 మీద ఆరు సెవెన్ సెగ్మెంట్ అంకెలున్నాయి. అదే 1976లో జోసెఫ్ వైస్‌బెకర్ రూపొందించిన కాస్మాక్ ఎల్ఫ్‌కు రెండు హెక్సా అంకెలు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మైక్రోప్రాసెసర్ ల్యాబు చేసినవాళ్లకు 8085 కిట్టు గుర్తుండే ఉంటుంది: అడ్రసుకు నాలుగు అంకెలు, డేటాకు రెండు. ఇవన్నీ చూపించేది హెక్సాలో. అందులో హార్డ్‌వేర్ సుఖం ఉంది. బైటును సగానికి విరిచి, నాలుగేసి బిట్లకు ఒక్కో అక్షరం వేస్తే సరిపోతుంది. కష్టమంతా చదివేవాడి మీద పడుతుంది. ఈ9 అంటే ఎంతో ల్యాబులో ఎగ్జామినర్ అడిగినప్పుడు తెలిసేది ఆ కష్టం.

దశాంశంలో చూపాలంటే ఆ భారం యంత్రం మోయాలి. బిట్ల విలువలు 1, 2, 4, 8, 16, 32, 64, 128. వీటిలో ఒక్కటీ సున్నాతో ముగియదు. కాబట్టి ఒకట్ల స్థానంలో ఏ అంకె రావాలో చెప్పాలంటే ఎనిమిది బిట్లనూ చూడాల్సిందే. ఎడమ చివరన ఉన్న 128 బిట్టు కూడా ఒకట్ల స్థానానికి ఒక 8 తెచ్చి కలుపుతుంది. హెక్సాలో లాగా సగానికి విరిచే వీలు ఇక్కడ లేదు.

గేట్లతోనే చేస్తానంటే చేయొచ్చు. 74185 అనే ఐసీలు కొన్ని జత చేసి బైనరీని బీసీడీగా (ఒక్కో దశాంశ అంకెకు నాలుగేసి బిట్లుగా) మార్చి, ఒక్కో అంకెకు ఒక్కో 7448 పెట్టి సెగ్మెంట్లు వెలిగించడం పాత పద్ధతి. తమాషా ఏమిటంటే ఆ 74185 లోపల ఉన్నది గేట్ల లెక్క కాదు. ముందే జవాబులు రాసిపెట్టిన చిన్న రోమ్! ఈటర్ చేసింది ఆ ఉపాయాన్నే పెద్దది చేయడం. ఎక్కాలు కంఠతా వచ్చినవాడు ఏడు తొమ్ముదులెంత అంటే వేళ్లు లెక్కపెట్టడు, అరవై మూడు అనేస్తాడు. ఇక్కడ ఆ కంఠస్థం చేసే పని 28సి16 అనే ఈఈప్రామ్‌ది.

దానికి 11 అడ్రస్ కాళ్లు, 8 డేటా కాళ్లు. అడ్రసులో ఎనిమిది కాళ్లకు మన సంఖ్య వెళ్తుంది. ఒకట్లా, పదులా, వందలా, గుర్తా అన్న నాలుగు స్థానాల్లో ఇప్పుడు ఏది కావాలో చెప్పడానికి రెండు కాళ్లు. మిగిలిన ఒక్కదానికి స్విచ్చు: అటు తిప్పితే మామూలు సంఖ్య, ఇటు తిప్పితే రుణ సంఖ్యలు కూడా. ఆ స్విచ్చు తిప్పితే 233 చూపిస్తున్న డిస్‌ప్లే -23 అంటుంది. బిట్లు మారలేదు, మన చదువు మారింది. రుణ సంఖ్యలను ఇలా రాసే టూస్ కాంప్లిమెంట్ పద్ధతి గురించి పుస్తకంలో పేజీలకు పేజీలు చదివినా అంత త్వరగా ఎక్కదు.

256 సంఖ్యలు, నాలుగు స్థానాలు, రెండు రకాలు: మొత్తం 2048 గదులు. ఆ చిప్పులో ఉన్నవీ సరిగ్గా 2048 బైట్లే! ఒక్క గదీ మిగలదు. ఒక్కో గదిలో ఏ సెగ్మెంట్లు వెలగాలో రాసి ఉంటుంది. 2 వేయాలంటే ఏ, బీ, డీ, ఈ, జీ వెలగాలి, కాబట్టి 01101101. ముందుండే సున్నాలు కనపడకూడదనుకుంటే ఆ గదుల్లో 0 రాస్తే చాలు, ఒక్క వైరు కూడా కదపక్కర్లేదు.

నాలుగు అంకెలకు నాలుగు ఈఈప్రామ్‌లు అక్కర్లేదు. ఒక 555 టైమరు టిక్కు టిక్కుమంటుంది, 74ఎల్‌ఎస్‌76లోని రెండు ఫ్లిప్‌ఫ్లాపులు 0 నుంచి 3 దాకా లెక్కపెడతాయి. ఆ లెక్క ఒకేసారి రెండు చోట్లకు వెళ్తుంది. ఈఈప్రామ్‌కు వెళ్లి ఏ స్థానపు అంకె కావాలో చెబుతుంది, 74ఎల్‌ఎస్‌139కు వెళ్లి ఏ డిస్‌ప్లే వెలగాలో చెబుతుంది. 139 తాను ఎంచుకున్న కాలును కిందికి లాగుతుంది, కామన్ కాథోడ్ డిస్‌ప్లేకు కావలసింది అదే. 1 కిలో ఓమ్, 100 కిలో ఓమ్ రెసిస్టర్లు, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే సెకనుకు సుమారు 700 టిక్కులు, అంటే ఒక్కో అంకె దాదాపు 180 సార్లు వెలిగి ఆరుతుంది. ఏ క్షణంలో చూసినా వెలుగుతున్నది ఒక్కటే అయినా, నాలుగూ నిలకడగా ఉన్నట్టు కంటికి అనిపిస్తుంది. కెపాసిటరు పెద్దది వేసి వేగం తగ్గించి చూడండి, అంకెలు ఒకదాని తర్వాత ఒకటి రావడం కనపడుతుంది.

ఇంత చేసినా, డిస్‌ప్లేను నేరుగా, లెక్క జరిగే 'ఏ' అనే రిజిస్టరుకు తగిలిస్తే లెక్క మధ్యలో వచ్చే చిల్లర విలువలన్నీ కనపడతాయి. అందుకే మధ్యలో 74ఎల్‌ఎస్‌273 ఉండాలి. అవుట్ ఆదేశం వచ్చినప్పుడు మాత్రమే అది 'ఏ' రిజిస్టరులో ఉన్నదాన్ని పట్టుకుని, మళ్లీ చెప్పేదాకా వదలదు. అయితే ఈ ఐసీకి ఎనేబుల్ కాలు లేదు, ప్రతి క్లాకుకూ, భాగాలన్నిటినీ కలిపే బస్సు మీదున్నదంతా మింగేస్తుంది. ఒక ఆండ్ గేటుతో క్లాకును ఆపి, అవుట్ సంకేతం ఉన్నప్పుడే పంపాలి.

ఇందులో ఒక వింత ఉంది. లెక్క చేసే కంప్యూటరు మెమరీ 16 బైట్లు, జవాబు చూపే పట్టిక దానికి 128 రెట్లు. ఆ పట్టికను చిప్పులో రాయడానికి వాడే ఆర్డ్వినో నానో అయితే వీటన్నిటికన్నా ఎన్నో రెట్లు శక్తిగల కంప్యూటరు. "మరి ఆ నానోకే డిస్‌ప్లే తగిలిస్తే పోలా?" అని ఎవరైనా అడుగుతారు. పోతుంది. అంకె వస్తుంది, అది ఎలా వచ్చిందో మాత్రం లోపలే ఉండిపోతుంది. రెడీమేడ్ డిస్‌ప్లే మాడ్యూళ్లతోనూ నాకున్న పేచీ ఇదే.

కట్టాలనుకునేవారికి రెండు మాటలు. డిస్‌ప్లే కామన్ కాలికి ఒకే రెసిస్టరు పెట్టి సరిపెట్టకండి, 1 మెరుస్తుంది, 8 మసకబారుతుంది, సెగ్మెంటుకొకటి పెట్టండి. 28సి16 దొరక్కపోతే 28సి64 కొనుక్కోండి. దాని కాళ్ల అమరిక వేరు, డేటాషీట్ చూసి వైర్లు వేయండి, అదనంగా ఉన్న రెండు అడ్రస్ కాళ్లను గ్రౌండుకు కలపండి.