పగడాలకూ సెట్‌బ్యాక్ కావాలి

తెలుగింట పగడమంటే మంగళసూత్రంలో నల్లపూసల పక్కన ఎర్రగా మెరిసే పూస, లేదా కుజదోషం పోవాలని ఉంగరంలో పొదిగించుకునే రాయి. అది ఎప్పుడో ప్రాణం పోయిన జీవి గట్టి గూడు. హైదరాబాద్ మియాపూర్‌లో ఓ అపార్ట్‌మెంట్ హాల్లో, నీలి లైటు కింద, రెండడుగుల గాజుతొట్టిలో మెల్లగా ఊగుతున్నది మాత్రం బతికున్న పగడం. దగ్గరి సముద్రం రోడ్డున మూడు వందల కిలోమీటర్లకు పైనే. అంత దూరాన దాన్ని బతికించడం ఒక విద్య. అందులో అన్నిటికన్నా కష్టమైన పాఠం దేని పక్కన దేన్ని పెట్టాలన్నది.

ఈ విద్య మూలాల్లో మన ఆసియా వాడే ఉన్నాడు. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో వివరించాడు. సూక్ష్మజీవులతో నిండిన సముద్రపు రాళ్లు, కొంచెం గాలిబుడగలు, మంచి వెలుతురు, అంతే. రాళ్లలోని జీవులే నీటిని శుభ్రంగా ఉంచుతాయని ఆయన చూపించాడు.

మియాపూర్‌లో ఇల్లు కట్టినవాళ్లకు సెట్‌బ్యాక్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇంటికీ ఇంటికీ మధ్య గాలీ వెలుతురూ ఆడటానికి వదిలే జాగా అది. పగడాలకు ఆ జాగా ఇంకా అవసరం. ఎందుకంటే అవి కదలవు గానీ కొట్లాడతాయి. జూడిత్ లాంగ్ అనే శాస్త్రవేత్త జమైకా తీరంలో పరిశీలించి, 1971, 1973ల్లో దీన్ని ప్రచురించారు. కొన్ని గట్టి పగడాలు తమ జీర్ణతంతువుల్ని నోట్లోంచి బయటికి చాచి, పక్కనున్నదాని కండను అక్కడికక్కడే అరిగించేస్తాయి. నెమ్మదిగా పెరిగే జాతి కూడా ఈ ఆయుధంతో వేగంగా పెరిగేదాన్ని నిలువరిస్తుంది. గెలాక్సియా, యూఫిలియా లాంటివి చీకటి పడ్డాక పొడవాటి కుట్టే తంతువుల్ని సాచి చుట్టూ వెతుకుతాయి. పగలు అందంగా, దూరంగా కనిపించిన రెండు పగడాల్లో ఒకటి తెల్లారేసరికి ఒకవైపు కాలినట్టు తెల్లబడి ఉంటే కారణం అదే.

అయితే ఇంట్లో ఏ పగడం పెట్టాలన్నది ముందు చట్టం నిర్ణయిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో 2001లో గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, అగ్ని పగడాన్ని, సీ ఫ్యాన్లను చేర్చారు. పులికి ఇచ్చిన రక్షణే వాటికీ. మన్నార్ సింధుశాఖలోనో అండమాన్‌లోనో తీసిన పగడమూ, పగడపు రాయీ ఇంటికి రాకూడదు. రాతి కోసం సిరామిక్‌తో చేసిన కృత్రిమ రాళ్లున్నాయి, బాక్టీరియాను వాటిమీద రెండు మూడు నెలలు ఓపికగా పెంచుకోవచ్చు. ఆ జాబితాలో లేని మెత్తటి పగడాలు మష్రూమ్, జోవాంథిడ్, లెదర్, జీనియా లాంటివి. అవి కూడా మరో ట్యాంకులో పెంచిన ముక్కలే అయితే మేలు. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పట్టేది యాభై ఆరు లీటర్లు. నాలుగైదు జాతులకు మించి పెట్టకూడదు. మష్రూములకు తక్కువ వెలుతురూ నెమ్మది నీరూ నచ్చుతాయి, కనుక అడుగున నీడలో పెట్టాలి. వాటి జిగట మీద జిగురు నిలవదు. చిన్న గిన్నెలో రాళ్లముక్కల మధ్య ఉంచి వల కప్పితే వారం పది రోజుల్లో అవే అతుక్కుంటాయి. జోవాంథిడ్లు నడిమి ఎత్తులో రాయికి ఫెవిక్విక్ జాతి జిగురుతో అతుకుతాయి. ఈ జాతి విషయంలో చేతి తొడుగులు తప్పనిసరి. వీటి బంధువైన పాలిథోవా నుంచి 1971లో హవాయిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషాన్ని వేరుచేశారు. అవి పెరిగిన రాయిని శుభ్రం చేద్దామని మరిగించకూడదు. ఆ ఆవిరే ప్రమాదం.

లెదర్ కోరల్ పైన ఉండాలి. గొడుగులా విప్పుకుని కిందివాటికి వెలుతురు ఆపుతుంది కనుక, దాని కింద ఏమీ పెట్టకూడదు. పైగా అది టెర్పీన్ జాతి రసాయనాలను నీటిలోకి వదిలి పొరుగువాటి పెరుగుదలను అణుస్తుంది. దాన్ని నీటిని కదిలించే వేవ్‌మేకర్ పంపు ప్రవాహానికి దిగువన ఉంచి, ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ వేసి నెలనెలా మార్చాలి. అప్పుడప్పుడు అది మైనం లాంటి పొర కప్పుకుని రోజుల తరబడి ముడుచుకుంటుంది. చచ్చిపోయిందని పారేయడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. పొర ఊడాక మళ్లీ విప్పుకుంటుంది. జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్ కలుపు మొక్కల్లా పాకుతాయి. వాటిని ఇసుక మధ్య విడిగా ఒక రాయి మీద దీవిలా పెడితే అక్కడితో ఆగుతాయి, అంచు దాటినప్పుడు గీకేయాలి.

ఇక్కడి ఇబ్బందులు ఇక్కడివే. బోరు నీళ్లలో ఉప్పుశాతం ఎక్కువ. ఇంటి ఆర్వో నీళ్లలోనూ ఖనిజాలు మిగులుతాయి, టీడీఎస్ కంట్రోలర్ ఉంటే కావాలనే కలుపుతుంది. డీఅయొనైజర్ దాకా వెళ్లి సున్నా టీడీఎస్ నీళ్లలో లీటరుకు సుమారు ముప్పై అయిదు గ్రాముల సాల్ట్ మిక్స్ కలపాలి. ఆవిరైన నీటికి బదులు ఉప్పు కలపని సున్నా టీడీఎస్ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. మే నెలలో గది వేడెక్కి నీళ్లు ముప్పై డిగ్రీలు దాటితే పగడాలు తమలో కాపురముండే శైవలాలను వదిలేసి తెల్లబడతాయి. పొడి ఎండల్లో నీటి మీదికి తిప్పిన చిన్న ఫ్యాను రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. జూలై తేమలో ఆ ఉపాయం అంతగా పారదు, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమే దిక్కు. కరెంటు పోతే బ్యాటరీ గాలిపంపు ఉండాలి.

ఏడాది గడిచాక లెదర్ గొడుగు తొట్టి అద్దాన్ని తాకే నాటికి పదునైన బ్లేడుతో ఒక అంచు కోసి, చిన్న రాయికి రబ్బరు బ్యాండుతో వదులుగా కట్టి, ప్రవాహం తగిలే చోట వదిలేస్తే మూడు వారాల్లో రాయికి అతుక్కుంటుంది. ఆ ముక్క నిజాంపేటలోనో కూకట్‌పల్లిలోనో ఉన్న మరో తొట్టికి చేరడానికి తన నీళ్లతోనే నింపిన మూతడబ్బా చాలు. అక్కడ మొదటి రెండు వారాలు దాన్ని అడుగున, మసక వెలుతురులో ఉంచి తర్వాతే పైకి జరపాలి.