చాసిస్ మీద చేతిపని

లక్షలు పోసి కొన్న లారీ చాసిస్‌ని విజయవాడ ఆటోనగర్ షెడ్డులోకి తోలగానే మేస్త్రి అడిగే మొదటి మాట, “ఏం లోడు తోల్తారండీ?” అని. ఇసుక బండి బాడీ వేరు, ధాన్యం బస్తాల బండి బాడీ వేరు. పొడవు, తలుపుల ఎత్తు, చెక్కా ఇనుమా అన్నీ ఆ జవాబును బట్టే తేలతాయి. ఫైనాన్స్ వాయిదాలు నెత్తి మీదుంటాయి గనక ఓనరుకు తొందర. మేస్త్రికి ఉండదు, ఉండకూడదు కూడా.

నాకు ముచ్చటేసేది అడుగున జరిగే పని. చాసిస్ పట్టాల అంచులకు చిల్లు పెట్టరు, వెల్డింగూ చేయరు. చేస్తే బరువు పడ్డప్పుడు అక్కడే పగులు మొదలవుతుంది. పట్టాల మీద పొడవాటి దూలాలు పరిచి, యూ బోల్టులు చుట్టి బిగిస్తారు. గతుకుల్లో చాసిస్ కాస్త మెలితిరుగుతుంది. బాడీ దాంతోపాటు కదలాలి గానీ ఊడకూడదు. మేస్త్రి బోల్టు మీద సుత్తితో తట్టి, చప్పుడు విని, “ఇంకో అర చుట్టు తిప్పరా” అంటాడు. మంచి షెడ్డువాళ్లు కొన్నాళ్లు తిరిగాక మళ్లీ బిగించడానికి రమ్మంటారు.

క్యాబిన్ పని మాత్రం కంపెనీల చేతిలోకి పోతోంది. కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్‌లో 2025లో ఏసీ తప్పనిసరి అయింది. పెయింటరుకు ఇంకా ఢోకా లేదు: ముందు ఇలవేలుపు, వెనక పిల్లల పేర్లు. ఎవరి పేరు ముందు రాయాలన్న తగువు మాత్రం ఓనరు ఇంట్లోనే తేల్చుకు రావాలి.